కూతవేటు దూరం

కొట్టు తెరవగానే మేం చేసే మొదటి పని, నిన్న చుట్టిపెట్టిన గుడ్డ తాను ఎక్కడిదాకా కోశామో చూసుకోవడం. చదివేవాళ్ళ దగ్గరా అదే మర్యాద. పోయినసారి కోత ఇక్కడిదాకా వచ్చింది: నా గుడ్డల కొట్టు ఉన్న గదిని దాని యజమాని అమ్మకానికి పెట్టాడు. నెలాఖరులోగా నేను కొంటే నాకు, లేదంటే పక్కనున్న రెడీమేడ్ షాపు వాడికి. కొట్టు నిలబడాలంటే ఇల్లు అమ్మాలి. ఇంట్లో సగం వాటా మా అక్కయ్యది. వెనక గదుల్లో ఉంటుంది. ఆవిడ సంతకం లేనిదే ఇటుక కూడా కదలదు. "పెట్టనని అననురా. పేపర్లో వేయించిన ప్రకటనలో ఒక్క అబద్ధం లేదని కొనేవాళ్ళు వాళ్ళ నోటితో అంటే, అప్పుడే పెడతా" అంది. బేరం చవగ్గా ఉందనుకుని తలూపాను. అంతలో గేటు దగ్గర బెల్లు మోగింది. బయట సన్నటి పెద్దాయన, పక్కన ఆయన భార్య. ఆయన చేతిలో నా ప్రకటన, అందులో ఒకే ఒక్క మాట కింద ఎర్ర సిరా గీత. అక్కడ కత్తెర పడింది.

సరే, ఇప్పుడు గేటు తీస్తాను.

పెద్దాయన ప్రెస్సులో ప్రూఫ్ రీడరుగా చేసి రిటైరయ్యాడట. అంటే ఊళ్ళోవాళ్ళ తప్పులు ఏరుకుని అన్నం తిన్న మనిషి. చంకలో నల్ల గొడుగు, మబ్బు తునక లేని రోజున. ఆయన భార్య నవ్వుతూ లోపలికి వచ్చిందేగాని నోరు విప్పలేదు. వరండాలో కుర్చీ చూపిస్తే కూర్చుని, సంచీలోంచి ఒక స్టీలు చెంచా తీసి చేతిలో పట్టుకుంది. మనింట్లో ఏదైనా పెడతారని ముందే తయారై వచ్చిందేమో అనుకున్నాను. మా ఆవిడ కూడా అలాగే అనుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

ఇల్లు చూపించడానికి నాదొక పద్ధతి ఉంది. చీర చూపించినట్టే. ముందు అంచు, తర్వాత పల్లూ, మడతల్లో ఏదైనా మరక ఉంటే ఆ మడత చివర్లో, అదీ వాళ్ళు అడిగితేనే. మా ఇంటికి అంచు పెరటి కొళాయి, పల్లూ హాలు కిటికీలు. మరక నడిమి గదిలో ఉంది, ఉత్తరపు గోడ నిండా చెమ్మ. ముందురోజే నేనూ మా ఆవిడా కలిసి ఒక బీరువాని దానికి అడ్డంగా జరిపాం. నడుం ఇంకా తిరిగి నాది కాలేదు.

పెద్దాయన కొళాయి చూడలేదు. కిటికీలు చూడలేదు. నేను తలుపు మీద తట్టి టేకు అని చెబుతుంటే, ఆయన హాలు మధ్యలో నిలబడి ప్రకటన చదువుకుంటున్నాడు. సరుకు చూడకుండా నిలబడ్డ కొనుగోలుదారుడితో జాగ్రత్తగా ఉండాలని మా నాన్న చెప్పేవాడు. వాడు కొనడానికి వచ్చినవాడు కాదు, తేల్చుకోవడానికి వచ్చినవాడు.

"ఈ మాట ఎవరు రాశారండీ?" అన్నాడు, ఎర్రగీత మీద వేలు పెట్టి.

చూశాను. 'బడి, పార్కు, మందుల షాపు, ఆసుపత్రి, అన్నీ కూతవేటు దూరంలోనే.' గీత ఉన్నది కూతవేటు కింద. నేనే రాశానన్నాను.

"అర్థం తెలిసి రాశారా?"

దగ్గర అని అర్థం అన్నాను. దగ్గర అంటే దగ్గర అని రాయాలి గదా అన్నాడు. అందరూ ఇలాగే రాస్తారన్నాను. అందరూ రాసేవి దిద్దడమే తన ఉద్యోగమన్నాడు. కూతవేటు అంటే కూత పెడితే వినబడేంత దూరమని, మరి ఆ కూత ఎవరిదో, ఎక్కడ నిలబడి పెట్టాలో ప్రకటనలో లేదని నిదానంగా వివరించాడు.

"కోడి కూతయితే ఒక లెక్క, రైలు కూతయితే ఒక లెక్క. రైలు కూతయితే పక్క ఊరి ఆసుపత్రి కూడా మీ ఇంటి దగ్గరే ఉన్నట్టు."

నాకు నవ్వొచ్చింది. గుడ్డ కొలిచేటప్పుడు మూరకీ మూరకీ తేడా ఉంటుందని తెలిసినవాణ్ణి, మాటను ఇలా సాగదీసి పట్టుకుని కొలిచేవాణ్ణి మాత్రం చూడలేదు. మనిషి కూతేనండీ అన్నాను, ఏదో తగ్గించి చెబుతున్నట్టు.

"అయితే పరీక్షించుకుందాం" అన్నాడాయన.

ఆయన ఆసుపత్రి గేటు దగ్గరికి వెళ్ళి నిలబడతాడు. మేం మా మేడ మీద నుంచి కేకేయాలి. వినబడితే గొడుగు విప్పుతాడు. వినబడకపోతే మడిచిన గొడుగుతోనే తిరిగొచ్చి భార్యను తీసుకుని వెళ్ళిపోతాడు. నేను ఏదో అనబోతుంటే వరండాలోంచి టింగుమని చప్పుడైంది. ఆయన భార్య కుర్చీ చేతిమీద చెంచాతో కొట్టింది. ఆయన తిరిగి చూశాడు. ఆవిడ గొడుగు వైపు చూపించి కనుబొమలు ఎగరేసింది. ఎండలో వేసుకోమనో, తొందరగా రమ్మనో. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. పెళ్ళాం నోరు తెరవకుండా మొగుణ్ణి నడిపించడం నేను అప్పుడే చూశాను. మా ఇంట్లో దానికి చాలా మాటలు ఖర్చవుతాయి.

మేడ ఎక్కాం. మా మేడ మీంచి పేట అంతా పరిచిన దుప్పటిలా కనిపిస్తుంది. వీధికి ఎడమ పక్క బడి, అది దాటాక పార్కు, పార్కు మూలన మందుల షాపు, వీధి చివర ఆసుపత్రి. దాని వెనక బస్టాపు, ఆ పైన బజారు. బజారులో పసుపుపచ్చగా కనిపించేది నా కొట్టు బోర్డు. పొద్దున్నే అందరూ అద్దంలో మొహం చూసుకుంటే నేను మేడెక్కి నా బోర్డు చూసుకుంటాను. ఈమధ్య నా చూపు మసకేసి అదొక పసుపు మరకలా కనబడుతోంది. మరకైనా మనది కదా. ఆవేళ మాత్రం అటు చూసే తీరిక లేదు. ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డ నల్ల చుక్క మీదే ప్రాణమంతా పెట్టాను.

ముందు నేను అరిచాను. అరిచానని మా ఆవిడ తర్వాత సాక్ష్యం చెబితే నమ్మాల్సి వచ్చింది. నీళ్ళ ట్యాంకు మీద కూర్చున్న పావురం తల కూడా తిప్పలేదు. గుడ్డల వ్యాపారంలో గొంతు పెరగదు, తరుగుతుంది. పక్క కస్టమరుకు వినబడకుండా ధర చెప్పడమే మా విద్య. జీవితమంతా గొంతు తగ్గించి సంపాదించినవాడు ఒక్కరోజు గొంతు పెంచి ఎలా అమ్ముతాడు?

తర్వాత మా ఆవిడ కొంగు బిగించింది. ఇంట్లో ఆవిడ గొంతు గోడలు దాటుతుందని నాకు తెలుసు. కానీ పరాయి మగాణ్ణి ఏమని పిలవాలో ఆవిడకు తోచలేదు. కాసేపు నోరు తెరుస్తూ మూస్తూ నిలబడి, చివరికి అలవాటైన మాటే అందుకుంది.

"ఏవండీ."

ఎదురింటి కిటికీలోంచి "ఆఁ, వస్తున్నానే" అని ఒక గొంతు పలికింది. పక్కింటాయన మొహాన సబ్బు నురగతో గుమ్మంలోకి వచ్చాడు. మూలింటాయన ఎక్కడున్నాడో తెలియదుగాని, తను ఏమీ చేయలేదని అక్కణ్ణించే సంజాయిషీ ఇచ్చుకున్నాడు. వీధిలో ఉన్న మొగుళ్ళందరూ పలికారు. గొడుగు మాత్రం విచ్చుకోలేదు.

"మూసే ఉందండీ" అంది మా ఆవిడ, సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని.

ఇక మిగిలింది ఒకే ఒక్క గొంతు.

మా అక్కయ్యను పేటలో సైరను అంటారు. ఎవరికే మందు కావాలన్నా మేడెక్కి మందుల షాపుకి కేకేస్తుంది, షాపు కుర్రాడు తెచ్చిచ్చి వెళ్తాడు. దానివల్ల ఎవరి కడుపు ఏ రోజు ఎలా ఉందో వీధి మొత్తానికి తెలుసు. బస్సు కదిలాక కూడా ఆవిడ పిలిస్తే ఆగుతుంది. ఒకసారి నన్ను భోజనానికి పిలిచింది. బడిలో పిల్లలంతా పుస్తకాలు సర్దుకుని ఇళ్ళకు పోయారు. హెడ్మాస్టరు కూడా చెయ్యి కడుక్కుని క్యారేజీ విప్పాకగాని, గంట ఇంకా కొట్టలేదని గుర్తించలేదు.

ఇంత సరుకు ఇంట్లో పెట్టుకుని ముందే ఎందుకు అడగలేదంటారా? ఇల్లు అమ్మడం ఇష్టం లేని మనిషిని, ఇల్లు అమ్మడానికి అరిచిపెట్టమని ఎలా అడగడం?

వెనక గదిలోకి వెళ్ళాను. అక్కయ్య మంచం మీద కూర్చుని నా కొట్లో మిగిలిన ముక్కలతో బొంత కుడుతోంది. తలెత్తలేదు. విషయమంతా చెప్పబోతే, విన్నానులే అంది. పావురం కూడా కదల్లేదటగా అని అడిగింది. మా ఆవిడ పిలుపుకి ఎంతమంది మొగుళ్ళు పలికారో కూడా ఆవిడే చెప్పింది.

"అక్కయ్యా, ఒక్క కేక."

"నా గొంతుతో నా ఇల్లే అమ్మిస్తావట్రా?"

కొట్టు పోతే నేను ఏమవుతానో చెప్పాను. నాకింకో పని రాదని, రెడీమేడ్ వాడి దగ్గర గుమ్మంలో నిలబడి రండి రండి అనడానికి కూడా నాకు గొంతు లేదని చెప్పాను. చివరిమాట నిజమేనని ఆవిడ ఒప్పుకుంది. దారం కొరికి సూది బొంతలో గుచ్చింది.

"అరుస్తా. ఏమని అరవాలో మాత్రం నా ఇష్టం."

సరే అన్నాను. తాను విప్పి చూడకుండా సరే అనకూడదని కొట్లో కుర్రాళ్ళకు రోజూ చెప్పేది నేనే.

అక్కయ్య మెట్లెక్కి పిట్టగోడ దగ్గర నిలబడింది. తొందరపడలేదు. ఆసుపత్రి వైపు ఒకసారి చూసి, చెంపల మీది వెంట్రుకలు వెనక్కి తోసుకుని, గుండెల నిండా గాలి తీసుకుంది. పావురం ముందే ఎగిరిపోయింది. దానికి అనుభవం ఉంది.

"అయ్యా గొడుగాయనా... ఇల్లు మంచిదే... నడిమి గదిలో బీరువా వెనక గోడంతా చెమ్మ... బీరువా జరిపి చూసుకుని మరీ కొనండి..."

ప్రతి మాటా విడివిడిగా, ఉతికి ఆరేసినట్టు వీధి మీదుగా వెళ్ళింది. బడి కిటికీల్లో తలకాయలు మొలిచాయి. పార్కులో నడిచేవాళ్ళు ఆగిపోయారు. బస్సు ఒకటి ఎందుకైనా మంచిదని బ్రేకు వేసింది. మందుల షాపాయన గుమ్మంలోకి వచ్చి ఏదో జవాబు చెప్పాడుగాని ఆయన గొంతు మాదాకా రాలేదు. చెమ్మకి తన దగ్గర మందు లేదన్నాడని తర్వాత తెలిసింది.

"విప్పాడండీ" అంది మా ఆవిడ నీరసంగా. "గొడుగు విప్పాడు."

విప్పడా మరి. గోడ చెమ్మ అని విన్నాక ఎవడైనా గొడుగే విప్పుతాడు. మాట గెలిచింది, ఇల్లు ఓడింది. అక్కయ్య వంక చూశాను. అబద్ధం ఉండకూడదన్నది ప్రకటనలోనే గదరా, కేకలో ఉంటే మాత్రం బాగుంటుందా అంది. నాకు ఒళ్ళు మండింది. అక్కడుంటే ఏమంటానోనని గబగబా కిందికి దిగాను. మా ఆవిడ నా వెనకాలే, బీరువా జరిపిన నడుం దండగైపోయిందని గొణుగుతూ. అక్కయ్య పైనే ఉండిపోయింది.

పెద్దాయన విప్పిన గొడుగుతోనే తిరిగొచ్చాడు. గుమ్మంలో మడిచి, దులిపి, గోడకు ఆనించాడు. జేబులోంచి ఎర్ర కలం తీసి ప్రకటనలో కూతవేటు పక్కన టిక్కు పెట్టాడు.

"అచ్చుతప్పు లేదండీ. మాట సరిగ్గానే పడింది. మీ ప్రకటనలో అబద్ధం లేదు."

నా చెవులు నేనే నమ్మలేదు. గోడ సంగతో అని నా నోటితో నేనే అడిగాను. అంత తెలివితక్కువ ప్రశ్న ఏ వ్యాపారీ అడిగి ఉండడు.

"గోడ గురించి మీరేమీ రాయలేదు కదా. రాయనిదాన్ని నేనెలా దిద్దుతాను?"

ఆ తర్వాత ఆయన కూర్చుని, భార్య వైపు ఒకసారి చూసి, చెప్పమంటావా అన్నట్టు ఆగాడు. ఆవిడ తలూపింది. ఆవిడకు గొంతు జబ్బు చేసి ఆపరేషన్ జరిగిందట. జబ్బు పోయింది, దానితోపాటు గొంతూ పోయింది. వాళ్ళుండేది పెద్ద అపార్టుమెంటు. తలుపులు వేస్తే ఎవరి బతుకు వాళ్ళది. ఒకరోజు ఈయన పాలకి వెళ్ళినప్పుడు ఆవిడ బాత్రూములో జారిపడింది. తలుపు బిగుసుకుపోయింది. ఈయన దారిలో ఎవరో తెలిసినాయన కనబడితే కబుర్లలో పడ్డాడు. ఇవతల గోడకి ఆనుకునే పక్కింటివాళ్ళున్నారు. ఆవిడ మగ్గుతో గోడని కొడుతూనే ఉందట. పైపుల మరమ్మతు అనుకున్నారట వాళ్ళు.

"అప్పట్నించీ చెంచా" అన్నాడాయన. "కానీ చెంచా చప్పుడు ఎంత దూరం పోతుందండీ? దాన్ని విని, ఇవతల గదిలోంచి లేచి, ఆసుపత్రిదాకా వినబడేలా చెప్పే మనిషి కావాలి. చాలా ప్రకటనలు చూశాం. అందరూ ఆసుపత్రి దగ్గరే అని రాశారు. మీరొక్కరే కూతవేటు అని రాశారు."

ఆ మాట రాసినప్పుడు నేను ఆలోచించింది, దగ్గర అనే మాటకంటే అది బాగుందనే. పక్కన మా ఆవిడ కళ్ళొత్తుకుంటోంది.

"ఇల్లు తీసుకుంటాం. చెమ్మగోడతో సహా. ఒకటే షరతు. వెనక గదుల్లో మీ అక్కగారు ఉండాలి."

అక్కయ్య ఎప్పుడు దిగిందో, తలుపు దగ్గర నిలబడి ఉంది. మొహం అదోలా ఉంది. మెట్లు దిగిన ఆయాసమేమో అనుకున్నాను. అప్పటికే నా బుర్ర కూడికలు మొదలుపెట్టింది. ఇల్లు అమ్ముడుపోతుంది, కొట్టు దక్కుతుంది, అక్కయ్య గది అక్కయ్యకే ఉంటుంది. మా వ్యాపారంలో ఇలాంటి బేరం కలలో కూడా తగలదు. ఎక్కువ ఆశ చూపకూడదని, కాస్త ఆలోచిస్తున్నట్టు గడ్డం గోక్కున్నాను.

"అంటే ఇంటితోపాటు మా అక్కయ్యను కొసరు అడుగుతున్నారన్నమాట" అన్నాను నవ్వుతూ.

"ఒరేయ్, నేను కొసరునట్రా?" అంది అక్కయ్య.

టింగుమంది. పెద్దాయన భార్య చెంచాతో కుర్చీని కొట్టి, అదే చెంచాతో మా ఇంటి గోడల చుట్టూ చూపించి, పెదాలతో కొసరు అంది. తర్వాత అక్కయ్యను చూపించి అసలు అంది. చప్పుడు లేకపోయినా అందరికీ అర్థమైంది. అక్కయ్య వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. చెంచా ఒకసారి చేతిలోకి తీసుకుని చూసి, ఇది పల్చగా ఉందమ్మా, మా ఇంట్లో గరిటె ఉంది ఇస్తాలే అంది. వాళ్ళిద్దరికీ బేరం అక్కడే కుదిరిపోయింది. మధ్యలో మేం మగవాళ్ళం ఉత్త దళారులం.

ఒప్పందం కాగితం నేను ముందే రాయించి పెట్టుకున్నాను. బల్లమీద పరిచాను. పెద్దాయన రెండు చోట్ల ఒత్తులు సరిచేసి, అక్కయ్య గదుల షరతు అడుగున చేర్చి తన సంతకం పెట్టాడు. నేను పెట్టాను. మిగిలింది అక్కయ్య సంతకం. కొనేవాళ్ళు వాళ్ళ నోటితో అబద్ధం లేదన్నారు, ఆవిడ షరతు తీరింది. కలం మూత తీసి చేతికిచ్చాను.

అక్కయ్య కలం పట్టుకుంది. కాగితం మీదికి వంగింది. వంగినమనిషి అలాగే నా వైపు జరిగి, నా చెవి దగ్గర నోరు పెట్టింది. నేను పుట్టి బుద్ధెరిగాక మా అక్కయ్య గుసగుసలాడటం ఎప్పుడూ వినలేదు. ఆవిడకు ఆ విద్య ఉందని కూడా నాకు తెలియదు.

"మీరు దిగాక మేడ మీంచి చూశానురా. నీ కొట్టు బోర్డు దింపేస్తున్నారు. నిచ్చెన కింద ఆ రెడీమేడ్ వాడు నిలబడి ఉన్నాడు."

నెలాఖరు ఇంకా రాలేదు. నా గడువు ఇంకా ఉంది.

"ఇప్పుడు నువ్వే చెప్పు, పెట్టనా, వద్దా" అంది అంతే సన్నగా.

నా గోడ చెమ్మను పేటంతటికీ చాటిన మనిషి, నా కొట్టు చేజారిపోయిన సంగతి నా ఒక్కడికే వినబడేలా చెప్పింది. కొట్టే లేకపోతే ఈ ఇల్లు ఎందుకు అమ్మాలి? అమ్మకపోతే, చెంచా పట్టుకుని ఆశగా చూస్తున్న ఆవిడకు ఏం చెప్పాలి? కలం ములికి కాగితానికి ఆనీ ఆనకుండా ఉంది.

ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ప్రతి అక్షరం విన్న పెద్దాయన, పక్క కుర్చీలోంచి ముందుకు వంగి చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏమన్నారండీ మీ అక్కగారు? సరిగ్గా వినబడలేదు."